చికాకోలు దారిలో పుట్టిన కీర్తన

‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట నెత్తిన రాగం, తాళం ఉంటాయి. అడుగున రాసినవారి పేరు ఉంటుంది. లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్‌ఐ వారు బాప్తిస్మం ఎప్పుడివ్వాలి, ఎలా ఇవ్వాలి అని ఎంత వాదించుకున్నా, తరతరాలుగా ఆదివారం ఆరాధనకు చంకన పెట్టుకుని వచ్చిన పుస్తకం మాత్రం ఇదే. ఆ పేజీల అడుగున మాటిమాటికీ కనిపించే పేరు పురుషోత్తమ చౌదరి. చౌదరి అన్న మాట చూసి గుంటూరు వైపు మనిషి అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయన పుట్టింది పాత గంజాం జిల్లా పర్లాకిమిడి తాలూకా మదనాపురంలో, 1803లో. వంగదేశం నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం. తండ్రి పేరు కూర్మనాథ చౌదరి. శ్రీకూర్మం పక్కనున్న సీమ కదా, ఆ పేరు అక్కడ ఇంటింటా వినిపించేదే.

చౌదరికి ముందు తెలుగులో క్రైస్తవ రచన లేదని కాదు. పద్దెనిమిదో శతాబ్దంలోనే మంగళగిరి ఆనందకవి ‘వేదాంత రసాయనం’ రాశాడు. అది ప్రౌఢ కావ్యం, పండితుల చేతిది. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు తొలిసారి అచ్చెక్కింది అక్కడే. కానీ పదిమంది నేలమీద కూర్చుని గొంతు కలిపి పాడుకోదగ్గ పాట వీటిలో లేదు.

ఇక ఉత్తరాంధ్ర సంగతి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ విశాఖపట్నంలో దిగారు. అప్పటికి వారికి ఎదురు నిలిచింది ఊరివాళ్లు కాదు, కంపెనీ సర్కారు. మతం జోలికి పోతే వ్యాపారానికి, దొరతనానికి చేటు అని దాని భయం. మరుసటి ఏడాదే వేలూరు కోటలో సిపాయిలు తిరగబడటంతో ఆ భయం రెట్టింపయింది. తన ఇలాకాలో మిషనరీలకు కంపెనీ తలుపు తీయడానికి 1813 నాటి చార్టరు చట్టం రావలసి వచ్చింది.

క్రాన్‌కు అన్నాళ్ల ఆయుష్షు లేదు. 1809 జనవరిలో శ్రీకాకుళంలో చనిపోయాడు. మరుసటి ఏడు డెగ్రాంజ్ పోయాడు. నాలుగైదేళ్లు పనిచేసి ఇద్దరూ మట్టిలో కలిసిపోతే మిగిలినదేమిటంటే, కొన్ని కాగితాలు. టిప్పు సైన్యంలో లెక్కలు రాసి, తర్వాత క్రైస్తవుడైన ఆనందరాయుడనే బ్రాహ్మణుడు పక్కన కూర్చుని సాయం చేయగా డెగ్రాంజ్ తెనిగించిన మూడు సువార్తలు. 1812లో అవి శ్రీరాంపురంలో అచ్చయ్యాయి. డెగ్రాంజ్ తర్వాత వచ్చిన ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం పూర్తి చేశాడు. అది 1818లో మద్రాసులో వెలువడింది. రెండేళ్లకే ఆయనా పోయాడు. అక్కడి తోటి మిషనరీలు గార్డన్ 1828లో, డాసన్ 1832లో పోయారు. విశాఖ స్టేషను చరిత్ర చదువుతుంటే పనికన్నా చావులే ఎక్కువగా కనిపిస్తాయి. పుస్తకం చేతిలో ఉంది, చదివి తలూపే సంఘం మాత్రం లేదు. పాతికేళ్లకు పైగా అదే తీరు. దీన్ని పట్టుదల అనాలో మొండితనం అనాలో ఆ రోజుల్లో ఎవరికీ తెలిసి ఉండదు. తేలింది తర్వాతే.

చౌదరి కథ ఇక్కడ మొదలవుతుంది. తెలుగు, ఒడియా, సంస్కృతం వచ్చిన యువకుడు, మంత్రశాస్త్రం మీద గురి ఉన్నవాడు. చికాకోలులో, అంటే నేటి శ్రీకాకుళంలో, హెలెన్ నాట్ అనే దొరసాని పంచిన చిన్న తెలుగు పుస్తకాలు అతని చేతికి వచ్చాయి. చదివాడు, వాదించాడు, తిరిగాడు. చివరకు 1833లో కటకం వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు.

ఆ ఒక్క అడుగుకు ఖరీదెంతో నేటివారికి చప్పున తట్టదు. కులం వదిలినవాడికి తండ్రి ఆస్తిలో వాటా ఉండదన్నది నాటి ధర్మశాస్త్ర మర్యాద. మతం మారినా ఆస్తి హక్కు పోదని చెప్పే చట్టం 1850లో గాని రాలేదు. భార్య కాపురానికి రానంటే ఏం చేయాలన్న ప్రశ్నకు 1866లో గాని జవాబు రాలేదు. అంటే 1833లో బాప్తిస్మం తీసుకున్నవాడికి ఇల్లు, పొలం, పంక్తి అన్నీ ఒకేసారి పోయే ప్రమాదం, అడ్డుకునే చట్టం లేదు. చౌదరి భార్య ఆయన వెంట వెంటనే రాలేదు, తర్వాతే వచ్చింది. తమ్ముడు జగన్నాథ చౌదరి కూడా అదే దారి పట్టాడు. కులం మీద అన్న రాసిన పుస్తకం పేరు ‘కులాచార పరీక్ష’. బయట కూర్చుని రాసిన పరీక్ష కాదది, తాను రాసి వచ్చిన పరీక్ష.

శతకాలు రాశాడు, ‘నిస్తార రత్నాకరం’ వంటి గ్రంథాలు రాశాడు. ఇవాళ వాటిని పరిశోధకులు తప్ప ఎవరూ తిప్పరు. నిలిచింది కీర్తన. ఎందుకు నిలిచిందో కొంచెం చెప్పుకోవాలి.

ఇంగ్లిషు పాటను తెనిగించి ఇంగ్లిషు బాణీలోనే పాడితే మాట ఒక దారి, స్వరం ఒక దారి. వాళ్ల పాట మాటలోని ఊనిక మీద నడుస్తుంది. మనది గురులఘువుల మీద, ప్రాస మీద నడుస్తుంది. దీర్ఘం ఉన్నచోట స్వరం తొందరపడుతుంది, హ్రస్వం ఉన్నచోట సాగదీస్తుంది, పదం మధ్యలో విరిగిపోతుంది. చౌదరి ఆ జోలికి పోలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలు కట్టి, జనం చెవికి అలవాటైన రాగతాళాల్లో పెట్టాడు. ఇందులో ఇంకో సుఖం ఉంది. చరణం ఒకరు ఎత్తుకుంటే పల్లవి అందరూ అందుకుంటారు. అక్షరం రాని మనిషి కూడా రెండోసారికి పల్లవి పట్టేస్తాడు. చదువు లేని పేటలో వేదాంతం నిలవాలంటే ఇంతకన్నా ఉపాయం లేదు.

ఇలాంటి ప్రయత్నం చౌదరి ఒక్కడిదే కాదు. తంజావూరులో వేదనాయగం శాస్త్రి అప్పటికే తమిళంలో క్రీస్తును కర్ణాటక బాణీల్లో పాడుతున్నాడు. ఆయనకు మిషనరీలతోనే తగాదాలు వచ్చాయి. మరాఠీలో నారాయణ వామన్ టిళక్ ఆ తర్వాత ఎప్పటికో వచ్చాడు. తెలుగులో మాత్రం ఈ పాటల్లోని భక్తిమార్గాన్ని ఆర్.ఆర్. సుందరరావు 1983లో ఒక ఇంగ్లిషు పుస్తకంగా రాసేదాకా పండితులు పెద్దగా పట్టించుకోలేదు. క్రైస్తవులకు అది ఆరాధన పుస్తకం, మిగతావారికి అది వాళ్ల పుస్తకం. ఈ రెండింటి మధ్య సాహిత్య చరిత్ర ఒక వాగ్గేయకారుణ్ణి జారవిడిచిందని నా ఫిర్యాదు.

చికాకోలుకు ఇంకో చిత్రమైన వంతు ఉంది. 1836లో అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే తెలుగువారి మధ్య మిషన్ పనికి వచ్చి, విశాఖ మీదుగా చికాకోలు చేరి కొన్ని నెలలున్నాడు. తర్వాత మద్రాసు, 1840లో నెల్లూరు. ఏళ్లు గడిచినా ఫలితం లేదని అమెరికాలో పెద్దలు ఒకటికి రెండుసార్లు ఈ మిషన్ మూసేద్దామని కూర్చున్నారు. ‘ఒంటరి నక్షత్రం’ అన్న పేరు దానికి ఆ చర్చల్లోనే వచ్చింది. మూయలేదు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు అలాంటి రోజు ఎన్నడూ రాలేదు. ఇక్కడి చరిత్ర చినుకు చినుకుగా కురిసినదే.

1875లో కెనడా బాప్టిస్టులు కాకినాడ చేరి, ఆ తర్వాత భీమునిపట్నం, శ్రీకాకుళం, బొబ్బిలి పట్టుకున్నారు. లండన్ మిషన్‌వారి విజయనగరం కూడా తర్వాత వీళ్ల చేతికే వచ్చింది. సాలూరు, పార్వతీపురం వైపు జర్మనీ లూథరన్లు. బొబ్బిలిలో మెటిల్డా చర్చిల్ ఆడపిల్లలకు చదువు చెప్పింది. స్టేషన్లు, బడులు, ఆసుపత్రులు చాలానే వచ్చాయి, వాటి జాబితా మిషన్ నివేదికల్లో ఉంది.

నివేదికల్లో కనపడనిది ఒకటి చెప్పాలి. ఈ సంఘాల్లో చేరినవారిలో ఎక్కువమంది ఊరి చివర పేటలవాళ్లు. సంస్కృతం చెవిన పడటానికే అర్హత లేదని ఊరు తేల్చిన మనుషులు. వాళ్ల నోట చౌదరి కట్టిన నిండు సంస్కృత సమాసాలు ఆదివారం ఆదివారం పలికాయి. గుడి మెట్టు ఎక్కనివ్వని ఊళ్లో, తాటాకు పందిరి కింద, చిడతలు, కంజీర పట్టుకుని రాగయుక్తంగా పాడటం తక్కువ ధిక్కారమేమీ కాదు. కూలి మానిపిస్తామన్నా, నూతి నీళ్లు తోడుకోనివ్వమన్నా ఆ పేటలు నిలబడ్డాయంటే అందులో ప్రసంగాల పాలు కన్నా పాటల పాలే ఎక్కువని నేను నమ్ముతాను. ప్రసంగం ఇంటికి వెళ్లేసరికి మరుపున పడుతుంది. పాట నాట్లు వేసేటప్పుడు కూడా నోట్లో ఉంటుంది.

ఎదురుగాలి పోలేదు, రూపం మార్చుకుంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారిని బీసీ-సీలో చేర్చి ఒక్క శాతం ఇచ్చారు. అయినా కొత్త పేరు పెట్టుకున్నంత మాత్రాన ఊరు పాత పేరు మర్చిపోదు. సంఘంలో కూడా కులం అక్కడక్కడ వెనక బల్లమీద కూర్చునే ఉంది. ‘కులాచార పరీక్ష’ రాసినవాడి పాటలే ఆ సంఘాల్లో పాడుతున్నామన్న ఎరుక పాస్టరుగార్లకు ఉంటే బాగుండును.

చౌదరి 1890లో కన్నుమూశాడు. ఆయన పుట్టిన పర్లాకిమిడి తాలూకా 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు రెండు ముక్కలైంది. పాటలు మాత్రం రెండు వైపులా ఉన్నాయి.

ఇప్పుడు వాటికి వచ్చిన చిక్కు వేరు. కీబోర్డు వచ్చాక రాగం పోయి అన్నీ ఒకే వరసలో పడ్డాయి. పుస్తకంలో రాగం పేరు అచ్చులో ఉంది, దాన్ని ఎత్తుకోగల గొంతులు తగ్గిపోతున్నాయి. మీ సంఘంలో పాత మెట్టు తెలిసిన తాతగారో మామ్మగారో ఉంటే, వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో రికార్డు చేయండి. పాడినవారి పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా చెప్పించండి. అచ్చు పుస్తకం మళ్లీ వేసుకోవచ్చు, ఆ మెట్టు మాత్రం ఇంకెక్కడా దొరకదు.