ఆల్బేనియా పాఠశాలలు - ఒక సలహాభిప్రాయ చరిత్ర

దేశముల నడుమ తగవులు వచ్చినపుడు తీర్పు చెప్పుట అంతర్జాతీయ న్యాయస్థానమున కొక పని. అడిగిన సంస్థకు ఒక విషయమున న్యాయమెట్టిదో తెలుపుట రెండవ పని. దీనినే సలహాభిప్రాయ మందురు. తీర్పునకుండు నిర్బంధశక్తి సాధారణముగ దీనికి లేదు. మేము కచేరీలో వ్రాసిన నోట్లును ఇట్టివే. నోటు ఉత్తరువు కాదు. ఐనను సహేతుకమైన నోటును త్రోసివేసి ఉత్తరువు వేయుట పై యధికారికి సులభము కాదు.

ఇట్టి అభిప్రాయములలో, పరభాషా ప్రాంతములందు తరతరములుగ స్థిరపడిన మనబోటి కుటుంబములు తెలిసికొనదగిన దొకటి కలదు.

ఆల్బేనియా దక్షిణభాగమున గ్రీకు భాష మాటలాడు ప్రజలు కలరు. 1921 అక్టోబరు 2వ తేదీన ఆ దేశము నానాజాతి సమితి మండలి యెదుట ఒక ప్రకటన చేసెను. అల్పసంఖ్యాకులు సొంత వ్యయముతో పాఠశాలలు నడుపుకొని, అందు తమ భాషను వాడుకొనవచ్చునని ఒప్పుకొనెను. కాని 1933లో రాజ్యాంగమును సవరించి, విద్య యావత్తు ప్రభుత్వముదేయనియు, ప్రైవేటు పాఠశాలలన్నియు మూయవలెననియు శాసించెను. గ్రీకులు సమితికి మొరపెట్టుకొనిరి. అధికసంఖ్యాకుల ప్రైవేటు బడులను గూడ మూసితిమి గదా, ఇందు పక్షపాత మెక్కడిదని ప్రభుత్వము వాదించెను.

వినుట కిది న్యాయముగనే తోచును. 1935 జనవరిలో మండలి హేగ్ నగరమందలి శాశ్వత అంతర్జాతీయ న్యాయస్థానము నభిప్రాయ మడిగెను. ఏప్రిలు 6వ తేదీన న్యాయస్థానము ఆ వాదము నిలువదని తెలిపెను. ఎనమండుగురు న్యాయమూర్తు లట్లు తలచిరి; మువ్వురు భిన్నాభిప్రాయులైరి. చట్టమున సమత్వము వేరు, వాస్తవమున సమత్వము వేరు. అధికసంఖ్యాకుల అవసరములను ప్రభుత్వ బడులే తీర్చును. అల్పసంఖ్యాకులకు తమ సంస్థలు పోయినచో, తమ ప్రత్యేకతయే పోవును. ఇదియే ఆ అభిప్రాయమునందలి సారము. పిమ్మట గ్రీకు బడులు మరల తెరువబడినవి.

ఈ మాట ఆల్బేనియాతో ఆగలేదు. మన రాజ్యాంగమునందలి 30వ అధికరణము మతముచేతగాని భాషచేతగాని అల్పసంఖ్యాకులైనవారికి విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకొను హక్కు నిచ్చినది. 143వ అధికరణము ననుసరించి రాష్ట్రపతి సుప్రీంకోర్టు నభిప్రాయ మడుగవచ్చును. కేరళ విద్యా బిల్లును గూర్చి అట్లడుగగా, 1958 మే 22వ తేదీన ఆ న్యాయస్థానము, సహాయద్రవ్యమిచ్చు నెపమున ఈ హక్కును వదలుకొమ్మనుట చెల్లదని తెలిపెను. 1974లో అహమ్మదాబాదు సెయింట్ జేవియర్స్ కళాశాల వ్యాజ్యమున తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినపుడు, ఆల్బేనియా అభిప్రాయము అందు ఉదాహరింపబడెను.

ఎక్కడనో కొలదిమంది గ్రీకుల బడులకై వెలువడిన సలహా, నలువదేండ్లకు మన దేశపు తీర్పునకు తోడ్పడినది. ఆజ్ఞ కాకున్నను యుక్తి గల మాట నిలుచునని మేము దీనివలన గ్రహించితిమి. ఐతే న్యాయస్థానములు బడి తలుపును మాత్రమే కాపాడగలవు. ఆ తలుపు లోపలికి తెలుగు పిల్లలను పంపవలసినవారము మనమే.