నత్తనడక పీసీకి ర్యామ్ వైద్యం

1956 నవంబరు 1న బీదర్ హైదరాబాద్ రాష్ట్రం నుంచి మైసూరు రాష్ట్రంలోకి వెళ్లింది. రాజధాని మారినంత మాత్రాన దూరాలు మారవు కదా! బెంగళూరు దాదాపు 700 కిలోమీటర్లు, హైదరాబాద్ సుమారు 140. కంప్యూటర్ సరుకుకు బీదర్‌కు దగ్గరి పెద్ద బజారు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. జనం నోట సీటీసీ.

హైదరాబాద్‌కు కంప్యూటర్ మెమొరీతో చుట్టరికం ఆ బజారు కన్నా పాతది. ఏ.ఎస్.రావు సారథ్యంలో 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ ఇక్కడ మొదలైంది. భాభా అణు పరిశోధన కేంద్రం 1969లో రూపొందించిన టీడీసీ-12 కంప్యూటర్‌ను తయారుచేసి అమ్మింది ఈ సంస్థే. 4,096 వర్డులు, ఒక్కో వర్డుకు 12 బిట్లు: దాని మెమొరీ మొత్తం 6 కిలోబైట్లు. బిట్‌కో ఫెర్రైట్ రింగు చొప్పున 49,152 రింగులు, వాటి గుండా దూర్చిన సన్నటి తీగలు. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు.

పీసీలు ఇళ్లలోకి వచ్చాక మెమొరీ చాలని చిక్కు వేరే రూపంలో ఎదురైంది. ర్యామ్ చాలనప్పుడు విండోస్ కొంత డేటాను హార్డ్‌డిస్కులోకి నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. 7,200 ఆర్‌పీఎం డిస్కు ఒక్క చుట్టు తిరగడానికే 8.3 మిల్లీసెకన్లు, ర్యామ్ నానోసెకన్లలో బదులిస్తుంది. చిటికెడు ఆవాల కోసం ప్రతిసారీ అటక ఎక్కడం లాంటిదే ఇది. అందుకే మెకానిక్ మొదటి సలహా ఎప్పుడూ ఒకటే: ఇంకో ర్యామ్ వేయించండి.

2007లో విండోస్ విస్టాతో చవక దారి ఒకటి దొరికింది, రెడీబూస్ట్. పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, చిన్నచిన్న చెల్లాచెదురు ఫైళ్ల నకళ్లు అందులో చేరతాయి. తోషిబా ఇంజనీరు ఫుజియో మసువోకా 1984లో లోకానికి చూపిన ఫ్లాష్ మెమొరీలో తిరిగే భాగాలే లేవు, కాబట్టి వెతుకులాట తక్కువ. పెద్ద ఫైలును వరసగా చదవాలంటే మాత్రం డిస్కుదే పైచేయి. అసలు డేటా డిస్కులోనే ఉంటుంది గనక పెన్‌డ్రైవ్ లాగేసినా ఏమీ పోదు. 512 ఎంబీ ర్యామ్‌తో ఈడ్చుకొస్తున్న యంత్రానికి ఇది నిజంగానే ఊరట. 2 జీబీ ఉన్నవారికి తేడా కనబడడమే కష్టం. ప్రచారం మాత్రం ఇద్దరికీ ఒకే స్థాయిలో జరిగింది.

ఆ ఫ్లాష్ చిప్పులే ఎస్ఎస్‌డీగా డిస్కు స్థానంలోకి వచ్చాయి. 2009 నాటి విండోస్ 7, తాను వేగమైన ఎస్ఎస్‌డీ మీద నడుస్తున్నట్టు గమనిస్తే రెడీబూస్ట్‌ను తానే ఆపేసేది.