బనూ జజీమా రక్తపరిహారం - హైదరాబాదు అనుభవం

సికింద్రాబాదు నుంచి మన్మాడ్ వెళ్ళే రైలుమార్గం డిచ్‌పల్లి, నిజామాబాదుల మీదుగా సాగి, బాసర దగ్గర గోదావరి దాటి నాందేడ్ చేరుతుంది. 1948లో, మన్మాడ్ తప్ప, ఈ ఊళ్ళన్నీ నిజాం రాజ్యంలోనివే. ఆ ఏడాది సెప్టెంబరు 13న మొదలైన పోలీసు చర్య ఐదారు రోజుల్లో ముగిసింది. దాని వెంట చెలరేగిన హింసకు అందరికంటె ఎక్కువగా బలైన నాలుగు జిల్లాల్లో నాందేడ్ ఒకటి. తక్కినవి ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు.

అంతకుముందు జరిగినదాన్ని దాచి ఈ చరిత్ర చెప్పడం న్యాయం కాదు. రజాకార్లు గ్రామాలపై పన్నులు విధించి, ఇవ్వని చోట దోచారు, చంపారు. వారిని విమర్శించిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో నడివీధిలో హత్య చేశారు. ఆయనా ముస్లిం యువకుడే.

పోలీసు చర్య అనంతరం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీలతో కూడిన సంఘం నవంబరు 29 నుంచి డిసెంబరు 21 వరకు తొమ్మిది జిల్లాలు తిరిగింది. మృతుల సంఖ్య 27 వేలకు తక్కువ కాదని, 40 వేల దాకా ఉండవచ్చని అంచనా వేసింది. వితంతువులను, అనాథలైన పిల్లలను కళ్ళారా చూసింది. కొన్నిచోట్ల సైనికులు, పోలీసులు దోపిడీలో పాల్గొన్నారని రాసింది. మరికొన్నిచోట్ల సైన్యమే ముస్లింలను కాపాడిందనీ రాసింది. హిందూ నేతపనివారు తమ ప్రాణాలొడ్డి ముస్లిం నేతపనివారిని రక్షించిన సంగతిని కూడా విస్మరించలేదు.

రజాకార్ల దుండగాలకు నివేదికలో తగిన చోటు దక్కలేదని సర్దార్ పటేల్ ఆక్షేపించారు. ఆ మాటలో కొంత సబబు ఉందనుకున్నా, ఒకరి నేరం మరొకరి నేరాన్ని చెరిపివేయదు. నివేదిక మాత్రం ప్రకటితం కాలేదు. నిజాన్ని సేకరించిన ప్రభుత్వమే దాన్ని బీరువాలో పెట్టింది. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలు, తమకేం జరిగిందో ఏ అధికార పత్రమూ చెప్పకుండానే పెరిగి పెద్దవారయ్యారు.

ఇస్లామీయ చరిత్రలో దీనికి పూర్తిగా భిన్నమైన ఉదాహరణ ఉంది. హిజ్రీ 8లో మక్కా విజయం తర్వాత ఖాలిద్ బిన్ వలీద్‌ను బనూ జజీమా తెగవద్దకు ఇస్లాం సందేశంతో పంపారు, యుద్ధానికి కాదు. వారు లొంగిపోయినా వారిలో కొందరు హతులయ్యారు. వార్త విన్న దైవప్రవక్త (స) చేతులెత్తి, ఖాలిద్ చేసినదానితో తనకు సంబంధం లేదని అల్లాహ్ సన్నిధిలో ప్రకటించారు. ఆపై హజ్రత్ అలీ (ర)ని ధనమిచ్చి పంపారు. ఆయన ప్రతి ప్రాణానికి దియత్ చెల్లించారు. పోయిన సొత్తుకు, కుక్క నీళ్ళు తాగే గిన్నెతో సహా, వెల కట్టి ఇచ్చారు. మిగిలిన సొమ్మును, తెలియని నష్టమేదైనా ఉంటే దానికని, వారికే వదిలి వచ్చారు. అధికారి పొరపాటుకు బైతుల్‌మాల్ బాధ్యత వహించాలన్న న్యాయవేత్తలు ఈ ఘటనను ఆధారంగా చూపారు. ఇక్కడ వరుస గమనించాలి: మొదట బహిరంగ అంగీకారం, పిదప పరిహారం.

హైదరాబాదులో ఆ వరుస మరోసారి తప్పింది. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక పోలీసులు అనేకమంది ముస్లిం యువకులను నిర్బంధించారు. చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు వచ్చాయి. కేసులు నిలవలేదు. జాతీయ మైనారిటీల కమిషన్ సిఫారసు మీద రాష్ట్ర ప్రభుత్వం 70 మందికి పరిహారం ఇచ్చింది: నిర్దోషులుగా విడుదలైన 20 మందికి 3 లక్షల రూపాయల చొప్పున, విచారించి వదిలిన 50 మందికి 20 వేల చొప్పున. వారి నడవడిపై మచ్చ లేదన్న ధ్రువపత్రాలూ అందజేసింది. చదువు ఆగిపోయి, ఉద్యోగం దొరకని యువకుడికి డబ్బుకంటె ఆ కాగితమే విలువైనది. అయితే అటువంటి పరిహారానికి చట్టం ఏదీ లేదు. ఒక ప్రభుత్వ ఉత్తర్వు మాత్రమే ఉంది. నిర్దోషిగా విడుదల కావడమే పరిహారానికి హక్కు కాబోదంటూ 2013 సెప్టెంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసి, సొమ్ము రాబట్టమంది.

సుందర్‌లాల్ నివేదిక ఢిల్లీలోని అప్పటి నెహ్రూ స్మారక గ్రంథాలయంలో చదువరులకు అందుబాటులో ఉన్నదని లోకానికి తెలిసింది కూడా ఆ నెలలోనే.