జ్ఞానమ్మ యాత్ర సీమదాకా రావాలి

మదర్ జ్ఞానమ్మ 1822లో గుంటూరు దగ్గరి ఫిరంగిపురంలో పుట్టింది. ఆడపిల్లలకు బడి పెట్టింది మాత్రం ఇప్పటి తిరువళ్లూరు జిల్లా కీలచ్చేరిలో. సంసారం ఈదిన ఆ గృహిణి 1863లో మద్రాసు సెయింట్ ఆన్స్ సభకు పునాది వేసింది. 1874లో ఏర్పడిన ఫిరంగిపురం సెయింట్ ఆన్స్ సభకూ ఆమే మూలం. 2014లో దైవసేవకురాలిగా గుర్తింపు పొందిన ఆమె మూలాలు వెతుక్కునే భక్తులు సహజంగా ఈ రెండు ఊళ్లకే వెళతారు. అంతటితో సరిపెట్టుకుంటే సగం దారిలో ఆగినట్టే. ఫిరంగిపురానికైనా కీలచ్చేరికైనా తెలుగు కతోలిక విశ్వాసం పోయింది మా మెట్ట సీమ నుంచి. 1701 ప్రాంతంలో ఫ్రెంచి జెసూట్లు కర్ణాటక మిషన్ పేరుతో పుంగనూరు వైపు అడుగుపెట్టారు. కృష్ణాపురం, మద్దిగుబ్బల మీదుగా సీమ పల్లెల్లోకి వచ్చారు. సన్యాసుల్లా కాషాయం కట్టి, మాంసం మాని, ఊరి పెద్దకాపులతో కూర్చుని మాట్లాడి వాళ్లను మతంలో కలుపుకున్నారు. కరువులు, మరాఠా దండ్ల రాకపోకలు, పాళెగాళ్ల తగాదాలు కలిసి ఆ కుటుంబాల్లో చాలావాటిని నేల వదిలించాయి. కొందరు కృష్ణా దిగువకు, కొందరు మద్రాసు వైపుకు నడిచారు. జ్ఞానమ్మ పుట్టిన సమాజం ఆ వలసలోంచి లేచిందే.

ఆమె ఈ నేల తొక్కినట్టు ఆధారముందా, మీ దగ్గర చూడ్డానికి ఏముంది అని అడగవచ్చు. ఆమె వచ్చిందని నేననడం లేదు. మట్టిగోడల మీద బోదకప్పు వేసిన ఆనాటి గుడులు రెండు వానలకే కరిగిపోతాయి, నిజమే. అయితే యాత్రకు గోపురమే కావాలా? తరలిపోయిన ఊరు కూడా చరిత్రే.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: ఈ వలస కథ రెడ్డి, కమ్మ ఇళ్ల గొప్ప కథ, దాని వెంట పోతే యాత్ర కులయాత్ర అవుతుంది అని. ఈ భయం ఒట్టిది కాదు. జెసూట్లు పెద్దకులాల కోసం ఎంత జాగ్రత్తపడ్డారో, మాలమాదిగ వాడలకు అంత దూరంగా ఉన్నారు. కానీ సీమదాకా రావాలనడానికి నాకు కనిపించే అసలు కారణమూ అదే. పెద్దకాపులు వెళ్లిపోయాక ఇక్కడ సభ దాదాపు ఖాళీ అయింది. 19వ శతాబ్దం చివర్లో మిల్‌హిల్ ఫాదర్లు వచ్చాక, 1876–78 నాటి ధాతు కరువు చూసిన నేల మీద, దాన్ని మళ్లీ నిలబెట్టింది దళితులు. 1967లో కర్నూలు మేత్రాసనం, 1976లో కడప మేత్రాసనం ఏర్పడ్డాయంటే వాళ్ల బలం మీదే. 1961లో నంద్యాల దగ్గరి చిందుకూరులో పుట్టిన పూల ఆంథోనీ కడప మేత్రాసన గురువై, కర్నూలు బిషప్పై, 2022లో కార్డినల్ అయ్యారు. తొలి తెలుగు కార్డినల్, తొలి దళిత కార్డినల్ ఆయనే. (ఊరూరా అభినందన సభలు పెట్టిన మనం ఆ రెండో మాటను ఎంత మెల్లగా పలికామో గుర్తుచేసుకోవాలి.) జ్ఞానమ్మ బడి కూడా ఆడపిల్లలనూ అంటరానివాళ్లుగా ముద్రపడ్డ పిల్లలనూ దగ్గరికి తీసింది. అలాంటప్పుడు ఆమె పేరున వచ్చే యాత్రికులు వలసపోయినవాళ్ల పాతవూళ్లు మాత్రమే చూసి వెనుదిరిగితే ఆమె చేసిన పనికే అన్యాయం.

ఫిరంగిపురం నుంచి యాత్రలు నడిపించే పెద్దలకు నా మనవి ఒక్కటే: మద్దిగుబ్బతో పాటు చిందుకూరునూ దారిలో చేర్చండి. అక్కడి విశ్వాసుల ఇళ్లలోనే భోజనాలు పెట్టించండి.