థార్ ఎడారిలో సౌర విద్యుత్తు: భడ్లా సాధించినది, ఇంకా సాధించవలసినది

థార్ ఎడారిలో, భారత–పాకిస్తాన్ సరిహద్దుకు చేరువగా ఉన్న చిన్న గ్రామం భడ్లా. మొన్నటి వరకు జోధ్‌పూర్ జిల్లాలో భాగంగా ఉండి, 2023లో ఏర్పాటైన ఫలోదీ జిల్లాలో చేరిన ఈ గ్రామం పేరు నేడు ప్రపంచ విద్యుత్ రంగానికి సుపరిచితం. ఇక్కడి సౌర పార్కు సుమారు 14 వేల ఎకరాలలో విస్తరించి ఉంది. దీని స్థాపిత సామర్థ్యం 2,245 మెగావాట్లు. నిర్మాణం పూర్తయిన నాటికి ప్రపంచంలోని అతి పెద్ద సౌర పార్కులలో ఇది ఒకటిగా నిలిచింది.

బొగ్గుపై ఆధారపడటం తగ్గించుకోవాలన్న దేశ సంకల్పానికి ఎడారి ప్రాంతాలు ప్రధాన ఆధారంగా మారాయి. అయితే ఎడారిని ఎవరికీ అక్కరలేని ఖాళీ స్థలంగా భావించడం ఎంతవరకు సమంజసం? నీరు, విద్యుత్ లైన్లు, పచ్చిక బయళ్ళు, అంతరించిపోతున్న ఒక పక్షి, ఇవన్నీ కలిసి ఈ ప్రశ్నను ముందుకు తెచ్చాయి.

ఎడారినే ఎంచుకోవడం ఎందుకు?

సౌర విద్యుత్ కేంద్రానికి కావలసినవి ప్రధానంగా రెండు: నిలకడైన ఎండ, విశాలమైన భూమి. పశ్చిమ రాజస్థాన్‌లో ఏడాదికి 300 రోజులకు పైగా ఆకాశం నిర్మలంగా ఉంటుంది. ఒక్కో చదరపు మీటరు నేలపై రోజుకు సగటున ఐదున్నర నుంచి ఆరు యూనిట్లకు సమానమైన సౌరశక్తి ప్రసరిస్తుంది. ఒక మెగావాట్ కేంద్రానికి ఐదు ఎకరాల వరకు, కొన్నిచోట్ల అంతకు మించి భూమి అవసరం. సారవంతమైన డెల్టా ప్రాంతాలలో ఇంత భూమిని ఒకేచోట సేకరించడం దాదాపు అసాధ్యం. ఎడారిలో అధిక భాగం ప్రభుత్వ రికార్డులలో బంజరుగా నమోదై ఉన్నందున కేటాయింపు సులభమైంది.

కేంద్ర ప్రభుత్వం 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్‌ను ప్రారంభించింది. 2022 నాటికి 20 వేల మెగావాట్లు సాధించాలన్నది నాటి లక్ష్యం. 2015లో దానిని లక్ష మెగావాట్లకు పెంచారు. భూమి, రహదారులు, సబ్‌స్టేషన్ వంటి వసతులను ముందుగానే సిద్ధం చేసి, ఉత్పత్తి సంస్థలకు స్థలం అప్పగించే సౌర పార్కుల పథకం 2014 డిసెంబరులో అమలులోకి వచ్చింది. దేశంలో సౌర విద్యుత్ స్థాపిత సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లను దాటింది.

నాలుగు దశల నిర్మాణం

భడ్లా పార్కు నాలుగు దశలలో రూపుదిద్దుకుంది. మొదటి దశలో 65, రెండవ దశలో 680, మూడవ దశలో 1,000, నాలుగవ దశలో 500 మెగావాట్ల సామర్థ్యం సమకూరింది. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ, ఉమ్మడి భాగస్వామ్య సంస్థలు వేర్వేరు దశలను అభివృద్ధి చేశాయి.

ఈ పార్కు ప్రత్యేకత దాని పరిమాణం ఒక్కటే కాదు. జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో, 2010 చివరన, యూనిట్ ధర సగటున సుమారు 12 రూపాయలు పలికింది. 2017 మే నెలలో భడ్లా మూడవ దశ వేలంలో అది 2 రూపాయల 44 పైసలకు దిగివచ్చింది. ఫలకాల ధరలు పడిపోవడం, వసతులన్నీ ముందే సిద్ధంగా ఉండటం, రుణాలపై వడ్డీ తగ్గడం ఇందుకు ప్రధాన కారణాలు. కొత్త బొగ్గు కేంద్రం కంటే సౌర కేంద్రం చవకైన విద్యుత్తును ఇవ్వగలదన్న నమ్మకం దేశంలో ఆ వేలంతోనే బలపడింది.

ఎండ మేలు, వేడి కీడు

ఎండ ఎక్కువైన కొద్దీ విద్యుత్తు ఎక్కువగా వస్తుందన్న భావన పూర్తిగా సరికాదు. సౌర ఫలకాలకు కావలసింది కాంతి, వేడి కాదు. ఫలకం ఉష్ణోగ్రత 25 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత, పెరిగే ఒక్కో డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.3 నుంచి 0.4 శాతం తగ్గుతుంది. దేశంలో ఇంతవరకు నమోదైన అత్యధిక ఉష్ణోగ్రతలలో ఒకటైన 51 డిగ్రీలు 2016 మే 19న ఫలోదీలోనే నమోదయ్యాయి. అంతటి వేడిలో ఫలకాల ఉపరితలం గాలి కంటే ఇంకా ఎక్కువగా కాగుతుంది.

ధూళి మరొక సమస్య. ఇసుక తుఫాను తరువాత ఫలకాలపై పేరుకున్న ధూళిని వెంటనే తొలగించకపోతే ఉత్పత్తి గణనీయంగా పడిపోతుంది. తాగునీటికే కరువున్న చోట లక్షలాది ఫలకాలను నీటితో కడగడం సామాన్య విషయం కాదు. అందుచేత నీరు అవసరం లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాల వాడకం పెరుగుతోంది. ఫలకాల వరుసలపై కదులుతూ ఇవి సాధారణంగా రాత్రివేళ పనిచేస్తాయి. నీటి ఆదా దృష్ట్యా ఇది మంచి మార్పు. కడిగే పనిపై ఆశ పెట్టుకున్న స్థానికులకు మాత్రం ఉపాధి అవకాశాలు తగ్గుతాయి.

ఉత్పత్తి ఒకచోట, వినియోగం మరొకచోట

ఎడారిలో తయారైన విద్యుత్తుకు అక్కడ వాడకందారులు తక్కువ. దానిని వందల కిలోమీటర్ల దూరంలోని నగరాలకు, పరిశ్రమలకు చేర్చాలి. ఫలకాల నుంచి వచ్చే డీసీ విద్యుత్తును ఇన్వర్టర్లు ఏసీగా మారుస్తాయి. అక్కడి నుంచి సబ్‌స్టేషన్లలో వోల్టేజిని పెంచి, 765 కిలోవోల్టుల వరకు సామర్థ్యం గల లైన్ల ద్వారా జాతీయ గ్రిడ్‌కు పంపుతారు.

సౌర కేంద్రం నిర్మాణం రెండేళ్ళలోపే పూర్తికావచ్చు. లైన్ల నిర్మాణానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఈ వ్యత్యాసం వల్ల రాజస్థాన్‌లో కొన్ని కేంద్రాలు మధ్యాహ్నం వేళ ఉత్పత్తిని తగ్గించుకోవలసి వస్తోంది. ఎండ ఉన్నప్పుడు విద్యుత్తును తీసుకునేవారు లేక, సాయంత్రం గిరాకీ పెరిగే వేళకు ఎండ లేక వ్యవస్థ ఇబ్బంది పడుతోంది. కొత్త లైన్లతో పాటు బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజి వంటి నిల్వ వసతులు కూడా సమకూరితేనే పూర్తి ప్రయోజనం నెరవేరుతుంది.

తీగల మధ్య బట్టమేక పక్షి

రాజస్థాన్ రాష్ట్ర పక్షి అయిన బట్టమేక పక్షికి థార్ ఎడారి చివరి ఆశ్రయాలలో ఒకటి. పదిహేను కిలోల వరకు బరువు తూగే ఈ పక్షి వేగంగా మలుపు తిరగలేదు. కళ్ళు తలకు పక్కలుగా ఉన్నందున ఎదురుగా ఉన్న తీగలను సకాలంలో గుర్తించలేదు. ప్రకృతిలో వీటి సంఖ్య 150 లోపేనని అంచనా.

ఈ పక్షిని కాపాడాలని కోరుతూ విశ్రాంత ఐఏఎస్ అధికారి, వన్యప్రాణి నిపుణుడు ఎం.కె. రంజిత్‌సిన్హ్ తదితరులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. పక్షి సంచరించే ప్రాంతాలలో తీగలను భూగర్భంలో వేయాలని, పక్షులను అప్రమత్తం చేసే పరికరాలను అమర్చాలని 2021 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించింది. అధిక వోల్టేజి లైన్లన్నింటినీ భూగర్భంలో వేయడం సాంకేతికంగా సాధ్యం కాదని, దేశ వాతావరణ లక్ష్యాలకు అది ఆటంకమని కేంద్రం విన్నవించింది. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని సవరించి, నిపుణుల కమిటీని నియమించింది. వాతావరణ మార్పుల దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందే హక్కు రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలలో అంతర్భాగమని అదే తీర్పులో పేర్కొంది. పర్యావరణానికి మేలు చేసే రెండు కార్యాలే పరస్పరం ఎదురుపడిన అరుదైన వ్యాజ్యం ఇది.

రికార్డులలో బంజరు, ఊరికి ఆధారం

రాజస్థాన్ గ్రామాలలో దేవతల పేరిట తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న వనాలను ఒరాన్లు అంటారు. పశువుల మేతకు, వర్షపు నీటి నిల్వకు, వన్యప్రాణులకు ఇవే ఆధారం. వీటిలో అనేకం రికార్డులలో ప్రభుత్వ భూమిగానో, బంజరుగానో నమోదై ఉన్నందున ప్రాజెక్టులకు కేటాయిస్తారేమోనన్న ఆందోళన జైసల్మేర్ ప్రాంత పశుపోషకులలో నెలకొంది. ఇటువంటి పవిత్ర వనాలను సర్వే చేసి, గుర్తించి, రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది.

బికనేర్ ప్రాంతంలో సౌర ప్రాజెక్టుల కోసం ఖేజ్రీ చెట్లను నరకడంపై నిరసనలు వ్యక్తమయ్యాయి. ఖేజ్రీ అంటే మన జమ్మి చెట్టే. రాజస్థాన్‌కు, తెలంగాణకు కూడా అదే రాష్ట్ర వృక్షం. 1730లో జోధ్‌పూర్ సమీపంలోని ఖేజర్లీలో అమృతాదేవితో పాటు 363 మంది బిష్ణోయీలు ఈ చెట్లను కాపాడేందుకు ప్రాణాలర్పించారన్నది అక్కడి వారు నేటికీ స్మరించుకునే చరిత్ర.

తెలుగు నేలకూ వర్తించే పాఠం

ఈ ప్రశ్నలు థార్‌కే పరిమితం కాదు. రాయలసీమలో వెయ్యి మెగావాట్ల కర్నూలు సౌర పార్కు దాదాపు 5,900 ఎకరాలలో 2017లో సిద్ధమైంది. అదే ఉమ్మడి జిల్లాలోని రోళ్ళపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పక్షి కోసమే ఏర్పాటైంది. ఆంధ్రప్రదేశ్ సరిహద్దున కర్ణాటకలో ఉన్న పావగడ పార్కులో భూమిని కొనుగోలు చేయకుండా, ఎకరాకు ఏడాదికి 21 వేల రూపాయల చొప్పున రైతుల నుంచి కౌలుకు తీసుకున్నారు. భూమిపై హక్కు రైతుకే మిగిలింది. అయితే భూమి లేని కూలీలకు ఈ కౌలులో వాటా లేదు.

గుజరాత్‌లోని కచ్ రణ్ ప్రాంతంలో, ఖావ్‌డా వద్ద, 30 వేల మెగావాట్ల సౌర, పవన విద్యుత్ పార్కుకు 2020 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. భడ్లాతో పోలిస్తే ఇది పదమూడు రెట్లకు పైగా పెద్దది. శిలాజేతర వనరుల నుంచి 2030 నాటికి 5 లక్షల మెగావాట్ల సామర్థ్యాన్ని సాధించాలన్న లక్ష్యానికి ఇటువంటి పార్కులు తప్పనిసరి. స్థలాన్ని ఎంపిక చేసే దశలోనే లైన్ల మార్గం, పక్షుల ఆవాసం, గ్రామ ఉమ్మడి భూముల హద్దులు నిర్ణయమైతే ప్రాజెక్టులు కోర్టు మెట్లెక్కే అవసరం తగ్గుతుంది, విద్యుత్తు సకాలంలో వినియోగదారులకు చేరుతుంది. యూనిట్ ధర ఎంత తగ్గించవచ్చో భడ్లా నిరూపించింది. ఆ తగ్గింపు భారం ఎడారివాసులపైనా, వన్యప్రాణులపైనా పడకుండా చూడటం ఇకపై రూపొందే ప్రణాళికల బాధ్యత.