స్పానిష్ గర్దాన్‌లో మిగిలిన ఒక దువా



స్పానిష్ జుబాన్‌లో 'వాడు వస్తే బాగుండు' అనాలంటే 'ఓఖలా బెంగా' అంటారు. 'బెంగా' అనేది రావడం అనే క్రియకు ఒక రూపం. మరి 'ఓఖలా'? స్పెయిన్ ముస్లింలు మాట్లాడిన అరబీలో అది 'లౌ షా అల్లాహ్', అంటే అల్లాహ్ తలిస్తే. పాత స్పానిష్‌లో దాన్ని 'ఓషలా' అనేవారు. తర్వాత ఆ 'ష' మారి మారి మన 'ఖుదా'లోని 'ఖ' అయ్యింది. ఈ రోజు చర్చికి వెళ్లే ముసలమ్మ, ఏ దేవుణ్ణీ నమ్మని కుర్రాడు, టీవీలో ఫుట్‌బాల్ చూసే తాత అందరూ ఆ మాట వాడతారు. తాము అల్లాహ్ పేరు తీస్తున్నామన్న ఖయాల్ చాలామందికి ఉండదు.

మనలో అందలూస్ అనగానే ఒక ఆహ్ వస్తుంది. అల్లామా ఇఖ్బాల్ 1933లో ఖుర్తుబా మస్జిద్ చూసి రాసిన నజ్మ్ మన ఉర్దూ చదువుల్లో ఉంది. అల్ హమ్రా ఫోటో చాలా ఇళ్లలో గోడకు వేలాడుతుంది. మనం రాళ్లకేసి చూసి ఏడుస్తాం. నేను ఈసారి రాళ్లను పక్కన పెట్టి, ఒక క్రియ గురించి రాద్దామనుకున్నాను. ఎందుకంటే ఆ తారీఖ్ రాళ్లలో కంటే క్రియలో ఎక్కువ జిందా ఉంది.

నేను స్పానిష్ ఆలిమ్‌ను కాదు. ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, పేపర్లలో పనిచేస్తున్నవాణ్ణి. కానీ క్రియను వరసగా తిప్పడం నాకు కొత్త కాదు. దాన్నే గర్దాన్ అంటాం, అంటే తిప్పడం. మన పెద్దల కాలంలో ఫార్సీ చదువు 'ఆమద్‌నామా'తో మొదలయ్యేది. ఆమదన్ అంటే రావడం. ఆమద్, ఆమదంద్, ఆమదీ, ఆమదీద్, ఆమదమ్, ఆమదీమ్. వచ్చాడు, వచ్చారు, వచ్చావు, మీరు వచ్చారు, వచ్చాను, వచ్చాము. నా వంతు వచ్చేసరికి ఫార్సీ పోయి అరబీ మిగిలింది. ఫఅల, ఫఅలా, ఫఅలూ అంటూ 14 సీగాలు ఊగుతూ చదివేవాళ్లం.

ఈ వరసలో ఒక సంగతి గమనించండి. ముందు వచ్చేది 'వాడు'. దాన్ని అరబీలో గాయిబ్ అంటారు, ఎదుట లేనివాడు. తర్వాత హాజిర్, అంటే నువ్వు. ఆఖర్న ముతకల్లిమ్, మాట్లాడే నేను. డిగ్రీలో చిన్నయసూరి బాలవ్యాకరణం తెరిచినప్పుడు నాకు తెలిసిన వరసే కనిపించింది. 1858లో వచ్చిన ఆ కితాబులోనూ, దానికి వెనకున్న సంస్కృత పద్ధతిలోనూ ప్రథమ పురుష అంటే 'వాడు', మధ్యమ పురుష 'నువ్వు', ఉత్తమ పురుష 'నేను'. మదర్సా, పాఠశాల రెండూ లేనివాడికి ముందు పీట వేశాయి. లాటిన్ బాటలో నడిచిన స్పానిష్ మాత్రం 'నేను'తో మొదలవుతుంది. బెంగో, బియేనెస్, బియేనె, బెనీమోస్, బెనీస్, బియేనెన్. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తాము, వస్తారు, వాళ్లు వస్తారు.

ఇక్కడిదాకా సులువే. స్పానిష్ క్రియకు మూడు గదులున్నాయి. మొదటిది ఉన్నది ఉన్నట్టు చెప్పే గది. బియేనె వస్తాడు, బినో వచ్చాడు, బెనీయా వచ్చేవాడు, బెంద్రా రేపు వస్తాడు. మూడో గది హుకుం. బెన్ అంటే రా. మధ్య గదే అసలు కష్టం. అందులో ఉండేవి జరిగిన పనులు కావు. కోరిక, భయం, షక్, దువా. అక్కడ బియేనె కాస్తా బెంగా అవుతుంది. వచ్చే ఆశ తక్కువైతే బినియేరా అవుతుంది. 'ఓఖలా' అని నోరు తెరిచాక క్రియ ఈ మధ్య గదిలోకి వెళ్లి తీరాలి. 'ఓఖలా బియేనె' అంటే స్పెయిన్‌లో చిన్నపిల్లలు కూడా నవ్వుతారు.

మన నోట ఎలా ఉందో చూడండి. 'రేపు వస్తాను, ఇన్షా అల్లాహ్' అంటాం. ఆ మాట తీసేసినా 'వస్తాను' అలాగే ఉంటుంది. క్రియ వంగదు. స్పానిష్‌లో క్రియ తల వంచుతుంది. అరబీలో 'యఫ్అలు' ముందు 'అన్' వస్తే అది 'యఫ్అల' అయినట్టు. ఉర్దూలో 'ఖుదా కరే వో ఆయే' అన్నట్టు. స్పానిష్‌కు ఆ మధ్య గది లాటిన్ నుంచే వచ్చింది, అది అరబ్బులు కట్టింది కాదు. కానీ దాని తలుపు తీసే తాళం చెవుల్లో ఒకటి అరబీది. పరాయి మాట బజారు దాకా రావడం మామూలే. మన దివాణమే అక్కడ 'అదువానా' అయి కస్టమ్స్ ఆఫీసు అయ్యింది. ఖాజీ 'అల్కాల్దె' అయి ఊరికి మేయరయ్యాడు. మా నందిగామ, జగ్గయ్యపేట మెట్టలో పండే పత్తిని వాళ్లు 'ఆల్గొదోన్' అంటారు, అరబీ 'అల్ ఖుత్న్'. ఇవన్నీ సరుకు లాంటి మాటలు. బేరంతో పాటు వస్తాయి. 'ఓఖలా' అలాంటిది కాదు. అది ఇంట్లోకి వచ్చి వాక్యాన్ని నడిపించింది. తరాల తరబడి పక్కపక్క గుమ్మాల్లో బతికితేగాని, ఒకరి దువా ఇంకొకరి వ్యాకరణం కాదు.

ఇప్పుడు ఆ గుమ్మాలు ఎలా విడిపోయాయో చూద్దాం. 1492 జనవరి 2న గ్రనాడా కాథలిక్ రాజుల చేతికి వెళ్లింది. మార్చి 31న యూదులను వెళ్లగొట్టే ఫర్మాన్ వచ్చింది. ఆగస్టు 3న కొలంబస్ ఓడలు కదిలాయి. ఆగస్టు 18న సలమాంకాలో ఆంటోనియో ద నెబ్రిహా స్పానిష్ వ్యాకరణం అచ్చయ్యింది. అలాంటి దేశభాషలకు అచ్చులో వచ్చిన తొలి వ్యాకరణం అదే. దాన్ని ఆయన రాణి ఇసబెల్లాకు అంకితమిచ్చి, ముందుమాటలో భాష ఎప్పుడూ సల్తనత్ వెంటే నడుస్తుందన్నాడు. రాణి ఈ పుస్తకం దేనికని అడిగితే, పక్కనున్న బిషప్ తలవేరా జవాబు చెప్పాడని కూడా రాశాడు. మీరు గెలిచే జనాలకు మీ చట్టాలు, మీ భాష నేర్పాలి కదా, అందుకు ఇది పనికొస్తుందని. గర్దాన్ పట్టిక హుకూమత్ చేతి పనిముట్టు అయ్యింది.

అదే తలవేరా గ్రనాడాకు ఆర్చ్‌బిషప్‌గా వెళ్లాక వేరే దారి పట్టాడు. జనానికి వాళ్ల జుబాన్‌లోనే చెప్పాలని పాదర్లను అరబీ నేర్చుకోమన్నాడు. అందుకోసమే పేద్రో ద అల్కాలా అరబీ వ్యాకరణం, నిఘంటువు రాస్తే 1505లో గ్రనాడాలో అచ్చయ్యాయి. కానీ నరమైన దారి నిలవలేదు. సిస్నేరోస్ అనే పెద్ద పాదరీ అప్పటికే బిబ్ రంబ్లా చౌక్‌లో అరబీ కితాబులను తగలబెట్టించాడు. మతం జోలికి రామన్న ఒప్పందం పదేళ్లయినా నిలవలేదు. బలవంతంగా మతం మార్చబడిన వాళ్లకు మొరిస్కోలని పేరు పడింది.

1567లో రెండో ఫిలిప్ ఫర్మాన్ వచ్చింది. మూడేళ్లలో అందరూ స్పానిష్ నేర్చుకోవాలి, ఆ తర్వాత ఇంట్లో గానీ బజారులో గానీ అరబీ మాట్లాడకూడదు, రాయకూడదు. అప్పుడు ఫ్రాన్సిస్కో నూన్యెజ్ ములే అనే ముసలాయన అధికారులకు ఒక అర్జీ పెట్టుకున్నాడు. కుర్రతనంలో ఆయన తలవేరా దగ్గర నౌకరు. ఆయన దలీల్ సీదాగా ఉంది. మాల్టాలో క్రైస్తవులు అరబీయే మాట్లాడుతారు. జెరూసలేం వైపు క్రైస్తవులదీ అరబీయే. మరి జుబాన్‌కూ మతానికీ సంబంధం ఏమిటి? పుట్టి పెరిగిన మాటను ముసలివాళ్లు మూడేళ్లలో ఎలా మరిచిపోతారు? ఎవరూ వినలేదు. 1568లో అల్పుహారా కొండల్లో బగావత్ లేచింది, 1571కి అణచేశారు. 1609 నుంచి 1614 దాకా దాదాపు మూడు లక్షల మొరిస్కోలను ఓడలెక్కించి దేశం దాటించారు.

వెళ్లినవాళ్లలో చాలామందికి అరబీ రాదు! ఇంట్లో స్పానిష్ మాట్లాడి, దాన్ని అరబీ హర్ఫుల్లో రాసుకునేవారు. ఆ రాతను అల్హమియాదో అంటారు. 1884లో అల్మొనసిద్ అనే ఊళ్లో పాత ఇల్లు కూలగొడుతుంటే దొంగ అటక కింద అలాంటి కితాబులు బయటపడ్డాయి. స్పానిష్ మాట్లాడే జనాన్ని మీ జుబాన్ వేరని వెళ్లగొట్టారు. మనుషులు గాయిబ్ అయ్యారు. 'ఓఖలా' మాత్రం వెళ్లగొట్టినవాళ్ల నోట్లోనే ఉండిపోయింది.

ఇంత దూరం తిరిగి మన మెట్టకు వస్తాను. కీసర మున్నేరు ఒడ్డున ఉంది. టోల్ గేట్ పుణ్యమా అని కార్లవాళ్లందరికీ ఆ పేరు తెలుసు. హైదరాబాద్ నుంచి కోస్తాకు దిగే దారి ఇది. కొండపల్లి సర్కారుకు ముస్తఫానగర్ అని పేరుండేది. 1766 ఒప్పందంతో నిజాం ఈ సర్కార్లను కంపెనీకి వదులుకున్నాక, జగ్గయ్యపేట దాటితే నిజాం ఇలాఖా, ఇటు మద్రాసు. కంపెనీ దొరలకు కూడా గర్దాన్ కావలసి వచ్చింది. 1816లో క్యాంప్‌బెల్, 1840లో బ్రౌన్ తెలుగు వ్యాకరణాలు రాశారు. తెలుగులో కలిసిన పరాయి మాటలకు బ్రౌన్ 1854లో విడిగా ఒక నిఘంటువే వేశాడు. కచేరీ, వకీలు, వసూలు, జవాబు, ఖాళీ. వీటిని ఏ తెలుగువాడూ పరాయి మాటలుగా ఎంచడు.

కానీ ఇవీ బజారు మాటలే. ఇంట్లో ఏం జరిగిందో చూడండి. మా ఇళ్లలో 'రేపు వస్తాను' అనాలంటే 'కల్ ఆతూం' అంటాం. కితాబీ ఉర్దూలో 'కల్ ఆవూంగా' అనాలి. స్కూల్లో ఉస్తాద్ 'గలత్' అని బెత్తం ఊపేవారు. అది గలత్ కాదు, తెలుగు. 'వస్తాను' అనే ఒక్క రూపం రోజూ వచ్చేదానికీ రేపు వచ్చేదానికీ సరిపోతుంది కదా, మా 'ఆతూం' కూడా అంతే. 'వస్తాడట' అనడానికి మా నానీమాలు 'ఆతా కతే' అంటారు. ఆ 'కతే' చేసే పని తెలుగు 'అట' చేసే పనే. 'వస్తానని చెప్పాడు' అనేది మాకు 'ఆతూం బోల్‌కే బోల్యా'. 'అని' ఉండాల్సిన చోట 'బోల్‌కే' కూర్చుంది. దఖనీ మాటలు ఉర్దూవి, వాక్యం ఎముకల్లో మాత్రం తెలుగుంది. స్పానిష్‌లో 'ఓఖలా' ఎలాగో మా నోట్లో 'బోల్‌కే' అలాగ.

ఒక ఉద్యోగం ఇంటర్వ్యూలో నా పేరు చూసి 'మీకు తెలుగు రాయడం వచ్చా?' అని అడిగారు. తెలుగు డిగ్రీ కాగితం బల్ల మీదే ఉంది. ఇటు మావాళ్లలో కొందరు 'తెలుగు మన జుబాన్ కాదు, పిల్లలకు ఎందుకు' అంటారు. ఇద్దరిదీ ఒకే సవాలు: ఈ భాష ఎవరిది? నూన్యెజ్ ములే అర్జీలో ఉన్న జవాబే నాదీ. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూకు రాష్ట్రమంతటా రెండో అధికార భాష హోదా ఇచ్చారు, ఖుషీ. అయితే కాగితం ఇచ్చే హోదాను ఇంకో కాగితం తీసుకోగలదు. నానీమా 'కతే' అన్నప్పుడు అందులో ఉన్న కలిసిన బతుకును ఏ ఫర్మానూ తీయలేదు. మనంతట మనం సిగ్గుపడి వదిలేస్తే తప్ప.

ఇప్పుడు స్పానిష్ గర్దాన్ తెలుగు గొంతుల్లోనూ వినిపిస్తోంది. బార్సెలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ మొదలుపెట్టారు. ఆ సంస్థకు స్పెయిన్‌లో వేలమంది దాతలున్నారు. అక్కడి భాషల స్కూల్లో పేద ఇళ్ల పట్టభద్రులు స్పానిష్ కూడా నేర్చుకుంటారు. బెంగో, బియేనెస్, బియేనె అని వల్లిస్తారు. మధ్య గది దగ్గరికి వచ్చేసరికి అందరికీ 'ఓఖలా' ఎదురవుతుంది. గ్రనాడా నుంచి గాయిబ్ అయినవాళ్ల దువా ఐదు వందల ఏళ్ల తర్వాత కరువు సీమలో ఒక తెలుగు పిల్ల నోట వినిపిస్తుంది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఒక్కసారి కూర్చోబెట్టి 'రావడం' గర్దాన్ చెప్పించండి. ఆతూం, ఆతా కతే, ఆతూం బోల్‌కే. కితాబులో లేదని దిద్దకండి. విన్నది విన్నట్టు రాసుకోండి. అది మన తారీఖ్.

ఖుదా హాఫిజ్.