పిల్లి పరుపు మీద మూత్రం పోస్తోందా? ముందు డాక్టర్‌కు చూపించండి

ఇన్నాళ్లూ ట్రేలోనే మూత్రం పోసిన పిల్లి ఉన్నట్టుండి పరుపు మీదో, దుప్పట్ల మీదో పోస్తే ఇంట్లోవాళ్లు కసురుకుంటారు, బయటికి తోలేస్తారు. కానీ చాలాసార్లు అది మొండితనం కాదు, జబ్బు. మూత్రాశయం వాపు, రాళ్లు, కిడ్నీ జబ్బు, షుగర్ ఉన్నా పిల్లి ఇలాగే చేస్తుంది. ట్రేలో కూర్చున్నప్పుడల్లా నొప్పి పుడితే ఆ ట్రే అంటేనే దానికి భయం పట్టుకుంటుంది.

మగపిల్లి విషయంలో మరీ జాగ్రత్తగా ఉండాలి. దాని మూత్రనాళం సన్నగా ఉంటుంది. మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా, అరుస్తున్నా చుక్క రాకపోతే నాళం మూసుకుపోయిందేమోనని అనుమానించాలి. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. తెల్లారేదాకా ఆగకుండా పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ వేయకూడదు. పిల్లికి అది విషం.

డాక్టర్ మూత్ర పరీక్ష, అవసరమైతే స్కానింగ్ చేసి వైద్యం మొదలుపెడతారు. జబ్బేమీ లేదని తేలాకే అలవాట్ల సంగతి చూడాలి. ట్రే రోజూ శుభ్రం చేయాలి. రెండు పిల్లులుంటే మూడు ట్రేలు పెట్టాలి. గోడల మీద చిమ్మే మగపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే చాలావరకు తగ్గుతుంది. కొడితే భయం పెరుగుతుందే తప్ప అలవాటు మారదు.